ఎనిమిదీ ఐదు మెయిల్

అక్టోబర్ 21

పొద్దున్నే వరదరాజులు సార్ చేత తిట్లు. తప్పు నాది కాదు, పుంగనూరు నెట్‌ది. నెట్‌ను తిట్టడానికి వీల్లేదు కాబట్టి నన్ను తిట్టారు.

కట్ట కాపలా గంగులప్ప తన పని తాను చేశాడు. ఏడు గంటలకు ఎర్రబోడు చెరువు కట్ట కిందికి దిగి, ఊటనీళ్లు కారే సిమెంటు కాలవలో స్కేలు చూసి, సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోన్ చేశాడు. "ఇరవై ఒకటి తాహిరప్పా. నీళ్లు తేటగా ఉండాయి." ఈ రెండు మాటలు మదనపల్లె ఇరిగేషన్ ఆఫీసులో సార్‌కు మెయిల్ చేయడమే నా ఉద్యోగం. ఊట పెరిగినా, బురదగా వచ్చినా కట్టకు ప్రమాదం. 21 మిల్లీమీటర్లు, తేట. దీనికోసం బ్రౌజర్‌లో మెయిల్ పేజీ ఇరవై నిమిషాలు గిర్రున తిరిగింది, చివరకు తెల్లగా అయిపోయింది. ఈలోపు తొమ్మిది దాటింది. తొమ్మిదికల్లా మెయిల్ రాకపోతే కట్ట దగ్గర ఏదో అయిందని లెక్క. ఏమీ అడక్కుండా మదనపల్లె నుంచి జీపు బయల్దేరుతుంది. అది సార్ పెట్టిన నియమం. ఈ రోజూ జీపు వచ్చింది, కట్ట బాగానే ఉంది, గంగులప్ప వాళ్లకు మజ్జిగ పోసి పంపాడు.

ఈ నెలలో ఇది మూడోసారి. నాలుగోసారి అయితే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని సార్ నెమ్మదిగానే చెప్పారు. ఆయన నెమ్మదిగా చెబితేనే నాకు భయం.

అక్టోబర్ 29

బ్రౌజర్‌కు సలాం. కంప్యూటర్‌లోనే ఉండే మెయిల్ సాఫ్ట్‌వేర్ వేశాను. పాత మెయిళ్లన్నీ దింపుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత కేబుల్ పీకేసి పరీక్ష పెట్టాను. "గేటు తుప్పు" అని కొట్టగానే రెండేళ్ల కిందటి మెయిల్ కళ్ల ముందుంది. నెట్ లేకుండా! రాసి సెండ్ కొడితే తీసుకొని ఔట్‌బాక్స్‌లో పెట్టుకుంటుంది. నెట్ రాగానే, మనం గుర్తు చేయకుండానే, పంపేస్తుంది. తేదీ, టైము పెట్టి వదిలేసినా సరే, మనం పక్కన ఉండనక్కర్లేదు.

కింద టైలర్ షాపు ఇన్వర్టర్ నుంచి ఒక వైరు లాగించుకున్నాను. ఇక కరెంటు పోయినా నాకు పోదు. రోజూ సరిగ్గా 8.05కి మెయిల్. సార్ ఫోన్ చేసి, "ఏమప్పా, ఇప్పుడు గడియారం సూసుకోవాల్సింది నేనే" అన్నారు. నవ్వారు కూడా.

నవంబర్ 2, ఆదివారం

గంగులప్ప ఫోన్ రాలేదు. ఏడున్నర, ఏడుంముప్పావు. చేస్తే కలవడం లేదు. సిగ్నల్ లేదంటే లేదు. జీపు గుర్తొచ్చింది, ఆ కుర్చీ మాట గుర్తొచ్చింది. 22, తేట అని రాసి పంపేశాను.

నవంబర్ 3

నిన్నటి సంగతి గంగులప్పను అడిగాను. ఫోన్‌లో చార్జింగ్ లేదట. "నిన్న ఎంతన్నా?" అంటే, "ఇరవై రెండప్పా, యాల అడగతాండావు?" అన్నాడు.

సరిపోయింది. ఇందులో తప్పెక్కడుంది?

నవంబర్ 9, ఆదివారం

ఆదివారాలు ఫోన్ చేయవద్దని గంగులప్పకు చెప్పాను. ఆయనకూ కాస్త విశ్రాంతి ఉండాలి. శనివారమే ఆదివారం మెయిల్ రాసి టైము పెట్టేశాను. మధ్యాహ్నం దాకా పడుకున్నాను. 8.05కి అదే పోయింది.

నవంబర్ 15

సార్ సెలవు ఇవ్వనన్నారు. మెహ్‌నాజ్‌కు నెలలు నిండాయి, తొలి కాన్పు కాబట్టి కుప్పంలో వాళ్లమ్మ ఇంట్లో ఉంది. ఏ రోజైనా కావచ్చు. వానాకాలం అయ్యేదాకా ఎవరికీ సెలవుల్లేవట. "నీకేం పనప్పా, రెండు మాటలు మెయిల్ సెయ్యడమే కదా" అన్నారు. రెండు మాటలే అయితే ఇంకెవరైనా చేయొచ్చు కదా అని అడగాలనిపించింది. అడగలేదు. నాకు కోపం వచ్చినప్పుడు మాట రాదు, తర్వాత ఇలా రాసుకుంటాను.

నవంబర్ 18

ఈ రోజు కూర్చొని 30వ తేదీ వరకు మెయిళ్లు రాసేశాను. పన్నెండు మెయిళ్లు, ఒక్కొక్కటీ 8.05కి.

ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుంది. నాలుగేళ్ల పాత మెయిళ్లు వెతికి, ఈ నెలలో ఊట ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో చూశాను. 21, 22, 21, 22, 23, 21. ఒక రోజు "కాలవలో ఆకులు పడితే తీయించాను" అని కూడా రాశాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. సెండ్ కొడుతుంటే ఒక్కొక్కటీ టక్కున వెళ్లి వరుసలో నిలబడింది.

గంగులప్ప రోజూ ఫోన్ చేస్తూనే ఉంటాడు. తేడా వస్తే అప్పుడు మారుస్తాను. ఇది మోసం కాదు, ముందు జాగ్రత్త.

నవంబర్ 21

కుప్పం. బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పొద్దున తొమ్మిదికి. మా అత్త మైమూన్ బీ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. ఏడ్చాను, అందరి ముందూ.

మెయిల్ 8.05కి పోయే ఉంటుంది. అప్పుడు నాకు ఆ గుర్తే లేదు.

నవంబర్ 22

వాన. గంగులప్ప కుప్పానికే ఫోన్ చేశాడు. ముందు బిడ్డ ఎట్లుందని అడిగి, తర్వాత చెప్పాడు.

"ఇరవై ఆరప్పా."

మెయిల్‌లో పోయింది 22. నాలుగు మిల్లీమీటర్లు అంటే గోరు వెడల్పు కూడా లేదు. వాననీళ్లు కాలవలో పడుంటాయి.

నిజం అంకె: 26. ఇక్కడ రాసి పెట్టుకుంటే నాకు మరుపు ఉండదు.

నవంబర్ 24

పుంగనూరు వచ్చేశాను. 29 అన్నాడు. మెయిల్: 21.

వచ్చీ రాగానే వరుసలో ఉన్న మెయిల్ తెరిచాను, 29 అని వేయబోయాను. వేస్తే సార్ అడిగే మొదటి మాట, "నిన్న ఇరవై ఒకటి కదప్పా, రాత్రికి రాత్రి ఎట్ల పెరిగె?" అప్పుడు ఏం చెప్పను? ఆలోచించగా ఒక దారి దొరికింది. రోజుకు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతాను. 25న 23, 26న 24, అలా. వాన తగ్గగానే ఊట ఎలాగూ దిగి వస్తుంది. నా అంకె ఎక్కుతుంది, కట్ట అంకె దిగుతుంది. నాలుగైదు రోజుల్లో రెండూ కలుస్తాయి. ఆ తర్వాత జన్మలో ఇలాంటి పని చేయను.

30 వరకు అన్నీ మార్చి మళ్లీ టైము పెట్టాను.

నవంబర్ 25

31. మెయిల్: 23.

నవంబర్ 26

ఈ రోజు గంగులప్ప ఫోన్ చేయలేదు, మనిషే వచ్చాడు. వానలో తడిసి, బస్సు దిగి, మెట్లెక్కి రూములోకి వచ్చాడు. సంచిలోంచి ఒక నీళ్ల సీసా తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ముప్పై మూడు తాహిరప్పా. అంకె కాదు, దీన్ని సూడు. పొద్దున ఊటలో పట్టినా."

సీసాలో నీళ్లు పైన తేటగానే ఉన్నాయి. అడుగున ఎర్రమన్ను, గోరు వెడల్పున పేరుకొని ఉంది.

"బస్సులో వస్తానే దిగబడింది. అంటే మన్ను వస్తాండాది. ముప్పై ఏండ్లుగా ఆ కట్ట కింద ఉండాను, ఎప్పుడూ ఇట్ల సూడలే. సార్‌కు సెప్పినావా?"

"చెప్పాను అన్నా."

"రోజూ అంకెలు పోతాండాయి కదా కంప్యూటర్లో?"

"రోజూ పోతున్నాయి."

అది అబద్ధం కాదు. రోజూ పోతున్నాయి.

"ఏమన్నాడు సార్?"

"సోమవారం వచ్చి చూస్తామన్నారు."

ఇది అబద్ధం. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నోరు దానంతట అదే చెప్పేసింది.

గంగులప్ప తల తుడుచుకుంటూ కాసేపు కూర్చున్నాడు. ముఖంలో బరువు దిగినట్టు కనిపించింది. "అయితే సరేలే. మా కట్టకిందపల్లెలో ఆడోళ్లు భయపడతాండారు. పిల్లోళ్లను ఎత్తుకోని గంగవరంలో సుట్టాలిండ్లకు పోతామని మూటలు కూడా కట్టినారు. మా సిద్దమ్మ కూడా పోదామనె. నేనే ఆపినా. యాలంటే, రోజూ అంకెలు పోతాండాయి, సార్లకు అంతా తెలుస్తాండాది, భయముంటే వాళ్లే రారా అని."

నేను అప్పుడు చెప్పాల్సింది. పంపించెయ్ అన్నా, అందరినీ పంపించెయ్, అంటే చాలు. నాలుగు మాటలు. కానీ పంపితే ఎందుకు పంపావని ఎవరో అడుగుతారు, అడిగితే మెయిళ్లు చూస్తారు. "మీ ఇష్టం అన్నా" అన్నాను.

"బిడ్డకు పేరు ఎప్పుడు?" అని అడిగాడు పోతూ పోతూ. రేపు అన్నాను. తలమీద చెయ్యి పెట్టి దీవించినట్టు చెప్పమన్నాడు.

సీసా కిటికీలో పెట్టాను. నిజం అంకె: 33. బురద.

రేపటి మెయిల్: 25, తేట. మార్చలేదు. సాయంత్రం బస్సుకు కుప్పం.

నవంబర్ 27

ఏడో రోజు. బిడ్డకు వెంట్రుకలు తీసి జువేరియా అని పేరు పెట్టాం. చుట్టాలంతా వచ్చారు. నేను ఎవరితో ఏం మాట్లాడానో గుర్తు లేదు.

37. మెయిల్: 25.

నవంబర్ 28

తుఫాను అంటున్నారు. వి.కోట దగ్గర వాగు రోడ్డెక్కింది, బస్సులు లేవు. కుప్పంలోనే చిక్కుకున్నాను. చిక్కుకున్నాను అని రాస్తున్నాను కానీ, రోడ్డు పోయిందని వినగానే నా గుండె తేలికైన మాట నిజం.

41. మెయిల్: 26.

మెహ్‌నాజ్ అడిగింది, ఫోన్ మోగితే ఎందుకు అలా ఉలిక్కిపడుతున్నావని. ఆఫీసు గొడవ అన్నాను. "ఫికర్ నక్కో" అంది, దిగులు పడొద్దని. బిడ్డకు పాలిస్తూ నిద్రలోకి జారిపోయింది.

సార్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పేస్తే? రేపు చేస్తాను.

నవంబర్ 29

అంతా వరుసగా రాయాలి. తర్వాత నాకు నేనే వేరేలా చెప్పుకోకుండా ఉండాలి.

7.10. గంగులప్ప ఫోన్. గాలిలో మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నలభై ఏడు. టీ మాదిరి వస్తాండాది అప్పా. తెల్లారేతలికి కట్ట మీద కూడా బీట కనపడె."

7.15. పుంగనూరులో టైలర్‌కు ఫోన్ చేశాను. నిన్న సాయంత్రం నుంచి కరెంటు లేదు, ఇన్వర్టర్ ఒక్కటే నడుస్తోంది, నెట్ లేదు, టవర్లు కూడా సరిగా లేవు అన్నాడు. నాకు ఒక్కసారిగా వెలుగు కనిపించినట్టయింది. నెట్ లేదంటే 8.05 మెయిల్ పోదు. మెయిల్ పోకపోతే తొమ్మిదికి జీపు బయల్దేరుతుంది. వాళ్లే వస్తారు, వాళ్లే చూస్తారు, ఊరు ఖాళీ చేయిస్తారు. నేను నోరు తెరవక్కర్లేదు. తుఫానుకు మెయిల్ పోలేదని ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఇన్నాళ్లూ నెట్ పోతే తిట్టుకున్నవాణ్ణి, ఈ రోజు రావద్దని దేవుణ్ణి వేడుకున్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, దువా చేశాను.

7.20. గంగులప్పకు మళ్లీ చేశాను. అదృష్టం, కలిసింది. "అన్నా, జీపు వస్తుంది. తొమ్మిదిన్నర, పదికల్లా నీ దగ్గర ఉంటుంది. నువ్వు అక్కడే ఉండు, చోటు చూపించు" అన్నాను.

"వస్తాండారా? సరే. నేను ఈడే ఉంటా" అన్నాడు. గొంతులో సంతోషం తెలిసింది.

8.05. 8.30. 9.00. నేను వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. మైమూన్ బీ చాయ్ తెచ్చి పెట్టింది, చల్లారిపోయింది.

9.50. ఆగలేక సార్‌కు ఫోన్ చేశాను. జీపు యాడికొచ్చిందో తెలుసుకుందామని.

"ఏమప్పా తాహిర్, మీ పుంగనూరు నెట్ ఈ రోజు కూడా భయపెట్టెనే. తొమ్మిది దాకా మెయిల్ లేదు. నేనే జీపు ఎక్కినా. సగం దోవ పోతానే ఫోన్లో నీ మెయిల్ టింగున వచ్చె. తొమ్మిదీ పన్నెండుకు. ఇరవై ఏడు, తేట. తిప్పుకోని వచ్చేసినాం. ఇంకో రెండు కట్టలు సూడాల మేము."

నెట్ ఎంతసేపు వచ్చిందో తర్వాత టైలర్‌ను అడిగాను. రెండు నిమిషాలు కూడా లేదన్నాడు. దానికి రెండు నిమిషాలు అక్కర్లేదు. కేబుల్ పీకి పరీక్ష పెట్టినవాణ్ణి, నాకు తెలుసు.

"హలో? ఉండావా?"

"ఉన్నాను సార్."

"బిడ్డ బాగుండాదా?"

ఇక్కడ చెప్పాలి. సార్, అది నా అంకె, కట్ట అంకె కాదు. నోట్లో మాట ఉంది. నిజంగా ఉంది. అప్పుడే మైమూన్ బీ ఏడుస్తున్న బిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టింది. "బాగుంది సార్" అన్నాను. సార్ ఫోన్ పెట్టేశారు.

గంగులప్పకు ఇరవై సార్లు చేసి ఉంటాను. కలవలేదు.

10.40. సార్‌కు చేయాలని నిర్ణయించుకున్నాను. ఈసారి బిడ్డను మెహ్‌నాజ్ దగ్గర పెట్టి, బయటికి వచ్చి, నంబరు తీశాను. నేను నొక్కేలోపే సార్ నుంచి ఫోన్ వచ్చింది.

కట్ట పోయింది.

నవంబర్ 30

రోడ్డు లేదు.

డిసెంబర్ 1

పుంగనూరు. కట్టకిందపల్లెలో పదకొండు ఇళ్లు పోయాయి. గంగులప్ప కాక ఇంకో నలుగురు పోయారు. గంగులప్ప ఈ రోజు మధ్యాహ్నం దొరికాడు, రెండు కిలోమీటర్ల కింద ఎవరిదో మల్బరీ తోటలో. సిద్దమ్మ బతికింది. పొద్దున్నే ఆవును తోలుకొని గుట్ట మీదికి పొమ్మని ఆయనే పంపాడట.

రూముకు వచ్చి కంప్యూటర్ చూశాను. ఔట్‌బాక్స్ ఖాళీ. పంపినవాటిలో అన్నిటికంటే పైన నిన్నటి మెయిల్ ఉంది. 30వ తేదీ, 8.05.

28 మి.మీ., తేట.

కట్ట లేదు. కాలవ లేదు. కొలిచే మనిషి లేడు.

డిసెంబర్ 3

వరదరాజులు సార్ వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. గొంతు నెమ్మదిగా ఉంది.

"విచారణ పడింది. నీ మెయిళ్లన్నీ ప్రింటు తీసి పెట్టు. మనకు అవే ఆధారం. రోజూ అంకె వచ్చింది, తేటగా ఉందనే వచ్చింది, హెచ్చరిక ఏదీ లేదు."

"సార్."

"ముప్పయ్యో తేదీ మెయిల్ నేను సూసినా." కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన ముందే గంగులప్ప సీసా ఉంది. అది ఏమిటో ఆయనకు తెలియదు. "నా దాంట్లో తీసేసినా. నీ కంప్యూటర్లో కాపీ ఉంటాది కదా? నెట్ లేకపోయినా ఉంటాది అంటివే. తీసెయ్."

ఆయనకు తెలుసు. నేను ఒక్క మాట చెప్పలేదు, ఆయన ఒక్క మాట అడగలేదు, అంతా తెలుసు.

"గంగులప్ప సెప్పిందే నువ్వు రాసినావు. అంతే కదా? ఆ మనిషి కిందికి దిగి కొలవకుండానే నోటికొచ్చిన అంకె సెప్పుంటాడు. వాన కదా. పోయినోడికి ఇంక అయ్యేదేముంది. నీకు బిడ్డ ఉంది."

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు. ఆయన దాన్ని సరే కిందే తీసుకొని పోయారు.

డిసెంబర్ 4

ప్రింట్లు తీశాను. ముప్పయ్యో తేదీది తీసెయ్యలేదు. ఎందుకో తెలియదు. చెయ్యి రాలేదు.

కింద టైలర్ షాపులో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "ఆ కాపలా ముసిలోడు తాగి పడుకోని అంకెలు సెప్పినాడంట." గంగులప్ప జన్మలో తాగలేదు. కిందికి దిగి చెప్పాలనుకున్నాను. నాలుగు మెట్లు దిగి మళ్లీ ఎక్కాను.

డిసెంబర్ 5

కేబుల్ పీకేసి కూర్చున్నాను. ఈ డైరీ ముందు పెట్టుకొని, విచారణ చేసే అధికారికి మెయిల్ రాశాను. 22న 26, 24న 29, 25న 31, 26న 33 బురద, 27న 37, 28న 41, 29న 47 టీ రంగు. 19, 20, 21 తేదీల్లో ఆయన ఏం చెప్పాడో నేను రాసుకోలేదని, 23 ఆదివారం ఫోనే వద్దన్నానని కూడా రాశాను. ఇవి గంగులప్ప కొలిచినవి. మెయిళ్లలో ఉన్నవి నేను ముందే రాసి పెట్టుకున్నవి. ముప్పయ్యో తేదీ మెయిల్ చూడండి అని చివర రాసి, దాన్ని జత చేశాను.

సెండ్ కొట్టాను. ఔట్‌బాక్స్‌లోకి వెళ్లి కూర్చుంది. ఔట్‌బాక్స్ పక్కన 1 అని పడింది.

నేను పంపేశాను. ఇక మిగిలింది కేబుల్ పెట్టడమే.

డిసెంబర్ 6

పెట్టలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

ఆఫీసులు ఉండవు. ఈ రోజు పంపినా చూసేవాళ్లు లేరు.

మెహ్‌నాజ్ ఫోన్ చేసింది. బిడ్డ నవ్విందట. పదహారు రోజుల పిల్ల నవ్వుతుందా? నవ్విందనే అంటోంది.

డిసెంబర్ 8

సిద్దమ్మ వచ్చింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు విని సార్ అనుకున్నాను. తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది, ఎవరో ఇచ్చిన చీరలో. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప మీదే కూర్చుంది. తిడుతుందనుకున్నాను. చొక్కా పట్టుకున్నా బాగుండేది.

"రేపు దినమప్పా. పదకొండో దినం. పల్లెలో ఎవురూ రామన్నారు. నా మొగుడు అబద్దం అంకెలు సెప్పి నలుగురిని మింగినాడంట." చీరకొంగుతో నోరు అదుముకుంది. "ఆ పొద్దు నాతో మాట్లాడే టయిము లేకపాయ. ఆవును తోలుకోని పో అనె, అంతే. జీపు వస్తాది, సార్లకు చోటు సూపీయాల అని గొడుగేసుకోని ఆడే నిలబడినాడు. నేను గుట్ట మీద నుంచి సూస్తానే ఉండా. ఆ గొడుగు కనపడతానే ఉండె."

నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"రోజూ నీకే కదప్పా సెప్పేది. నాకొకటే తెలియాల. ఆ పొద్దు నీకు ఎంతని సెప్పినాడు? సార్లేమో ఇరవై ఏడు అంటాండారు."

ఫోన్లో చెప్పలేనిది, ఆఫీసులో చెప్పలేనిది, ఇక్కడ గడప మీద కూర్చున్న మనిషికి చెప్పాను.

"నలభై ఏడు, సిద్దమ్మక్కా. టీ మాదిరి వస్తోందన్నాడు. ఇరవై ఏడు నేను రాసింది. జీపు వస్తుందని చెప్పింది కూడా నేనే. ఆయన ఒక్క రోజు కూడా తప్పు చెప్పలేదు."

ఆమె నా ముఖం చూడలేదు. కిటికీలో సీసా వైపు చూసింది. గుర్తుపట్టింది. లేచి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. అడుగున మన్ను కదిలి నీళ్లన్నీ ఎర్రబడ్డాయి.

"కొలిసినాడు" అంది. "అయితే సరిగానే కొలిసినాడు."

సీసా కొంగు కింద పెట్టుకొని మెట్లు దిగిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ ఇంకో పది రోజులు గడిపేవాణ్ణేమో.

కేబుల్ పెట్టాను. పంపుతున్నట్టు చూపించే గీత సగం కూడా నిండలేదు, ఔట్‌బాక్స్ పక్కన ఒకటి పోయింది. ఒక సెకను. ఇది ఎంత వేగమో నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి.

కాపీ సార్‌కు కూడా పెట్టాను. తర్వాత మెహ్‌నాజ్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. బిడ్డ ఏడుపు ఒక్కటే వినిపించింది.

డిసెంబర్ 9

ఏడు గంటలకు ఎవరూ ఫోన్ చేయలేదు. అలవాటు కొద్దీ చేతిలో పట్టుకొని కూర్చున్నాను. 8.05కి ఏ మెయిలూ పోలేదు.

గంగులప్ప దినానికి పోవాలి. రానిస్తారో లేదో. బయటే నిలబడతాను, అక్కడున్న నలుగురికీ నలభై ఏడు అని చెబుతాను. చొక్కా వేసుకొని ఇది రాస్తున్నాను.

కింద జీపు ఆగింది. వరదరాజులు సార్ గొంతు, ఇంకా ఎవరివో రెండు గొంతులు, విచారణ వాళ్లవి కాబోలు. టైము చూశాను. ఆ రోజు గంగులప్పకు నేను చెప్పిన టైముకే వచ్చింది, తొమ్మిదిన్నరకు.